మూడో ఓటు

మాస్టారికి కాదనడం చేతకాదు. ఎవరేది అడిగినా ముందు తల ఊపేస్తారు, తరవాత ఇంటికెళ్ళి తల పట్టుకుంటారు. పక్కింటివాళ్ళు నిచ్చెన పట్టుకెళ్ళి తిరిగి ఇవ్వకపోతే, బల్బు మార్చాల్సి వచ్చినప్పుడల్లా బల్ల మీద స్టూలు వేసుకుని ఎక్కుతారు గాని వెళ్ళి అడగరు. ఒకసారి అలా ఎక్కి పడి మోచెయ్యి వాచిపోయింది. చూడవచ్చిన పక్కింటాయన, "ఒక నిచ్చెన కొని పెట్టుకోకూడదుటండీ" అన్నాడు. "అవునండీ, కొనుక్కోవాలి" అన్నారు మాస్టారు. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ ఈ సంగతి ఆయన భార్య చెబుతుంది. అందరితోపాటు మాస్టారూ నవ్వుతారు.

ఆయన నిజానికి మాస్టారు కాదు. ఊళ్ళోకెల్లా పెద్ద రక్తపరీక్షల కేంద్రంలో కంప్యూటర్లు చూసుకునే ఉద్యోగి. చేరిన కొత్తలో అక్కడివాళ్ళందరికీ మౌసు పట్టుకోవడం దగ్గర్నుంచి నేర్పారు కాబట్టి ఆ పేరు పడిపోయింది. తెల్లారేసరికి ఆ కేంద్రం హాలంతా పరగడుపున వచ్చిన జనంతో నిండిపోతుంది. ఇనుప కుర్చీల వరసల్లో ఆవలింతలు, నీరసాలు, టీ కోసం గుంజుకుపోయే ప్రాణాలు. కౌంటర్లో పేరు చెబితే ప్రింటరు లోంచి చిన్న స్టిక్కరు వస్తుంది. ఆ స్టిక్కరు గాజు గొట్టానికి అంటించాకే సూది గుచ్చుతారు. స్టిక్కరు రాకపోతే సూది లేదు, సూది లేకపోతే టీ లేదు. ఆ స్టిక్కరు వెనకాల ఉన్న యంత్రాంగమంతా మెట్ల కింద ఒక ఇరుకు గదిలో ఉంటుంది. ఒకప్పుడు అది దుప్పట్లు దాచుకునే గది. ఇప్పుడు ఏసీ నీళ్ళు బొట్టుబొట్టుగా పడే బకెట్టు ఒకటీ, ఇనుప అరల స్టాండు ఒకటీ, మాస్టారి కుర్చీ ఒకటీ అందులో ఉన్నాయి.

చాలాకాలం ఆ స్టాండులో ఒక్క సర్వరే ఉండేది. దానికి జలుబు చేస్తే ఊరంతటికీ తుమ్ములే. అలాంటి ఒక పొద్దున్న తరవాత కేంద్రం నడిపే డాక్టరమ్మ ఆయన్ని పిలిచి, "మాస్టారూ, ఒక్కదాని నెత్తిన ఇంత బరువేంటి? ఏదో ఒక దారి చూడండి" అంది.

మాస్టారు దారి చూశారు. నెలల తరబడి చదివారు. అన్నం తింటూ చదివారు, భార్య మాట్లాడుతుంటే ఊకొడుతూ చదివారు. చివరికి డాక్టరమ్మ ముందు కూర్చుని, జీవితంలో మొదటిసారి గొంతు సవరించుకోకుండా మాట్లాడారు.

"మూడు మెషిన్లు కావాలండీ. మూడిట్లోనూ విండోస్ బదులు లినక్సు వేసి ఒక జట్టు కడతాను. పని చేసేవి రెండే. ఒకటి పడిపోతే రెండోది అందుకుంటుంది. మూడోది చిన్నది, దాని పనల్లా ఓటు వేయడమే."

"మెషిన్లకి ఓట్లేంటి మాస్టారూ?"

"రెండే ఉన్నాయనుకోండి. మధ్యలో తీగ తెగితే, అవతలిది చచ్చిపోయింది ఇక నేనే దిక్కు అని రెండూ అనుకుంటాయి. రెండూ ఒకేచోట ఎవరికి తోచింది వాళ్ళు రాసేస్తాయి. ఒకళ్ళ రక్తం ఇంకొకళ్ళ పేరు మీద పడుతుంది. అందుకని మూడిట్లో కనీసం రెండు ఓట్లు ఎటువైపు ఉంటే అటే పని జరగాలి. ఒంటరిగా మిగిలింది ఎంత ఆరోగ్యంగా ఉన్నా సరే, నోరు మూసుకుని ఆగిపోవాలి. దీన్ని కోరం అంటారు. మీటింగుకి సరిపడా జనం రాకపోతే తీర్మానాలు చెల్లవు కదండీ, అదే ఇది."

డాక్టరమ్మకి అర్థమైంది. మూడు మెషిన్లూ తెప్పించింది.

అట్టపెట్టెలు ఇంకా విప్పకుండా గదిలో ఉండగానే మాస్టారి బావ వచ్చాడు. అక్క మొగుడు. మాస్టారు చదువుకున్నన్నాళ్ళూ వాళ్ళింట్లోనే ఉన్నారు. బావది ఫొటోలు, జిరాక్సులు తీసే చిన్న షాపు. ఆ షాపు వెనకగదిలోనే మాస్టారి పక్కబట్టలూ పుస్తకాలూ. పాడైపోయిన కంప్యూటరు ఒకటి ఆయన ముందు పడేసి, "విప్పుకో, పోతే పోయింది" అన్నది కూడా బావే. ఇదంతా బావ ఏనాడూ ఎత్తి చూపలేదు. ఎత్తి చూపకపోవడమే మాస్టారికి మోయలేని బరువు.

"మా బావమరిది సర్వర్ పని చేస్తాడంటే, ఏ హోటల్లో అని అడుగుతున్నార్రా జనం" అంటూ కూర్చున్నాడు బావ. కబుర్లయ్యాక తల గోక్కున్నాడు. "షాపులో కంప్యూటరు చచ్చూరుకుంది. ఫొటోలన్నీ ఆగిపోయాయి. ఇవేంటి, మూడూ కొత్తవేనా?"

"ఊఁ."

"ఆ చిన్నదేం చేస్తుంది?"

"ఓటేస్తుంది బావా."

"ఓటేయడానికి ఒక కంప్యూటరా! మనిషే ఏడాదికోసారి వేస్తాడో లేదో. ఒక్క వారం నాకిచ్చి పంపరా, కొత్తది కొనుక్కుని తెచ్చిచ్చేస్తా."

ఇది నాది కాదు బావా అనే మాట మాస్టారి గొంతు దాకా వచ్చింది. అక్కడే ఆగిపోయింది. ఆ రోజు లినక్సు వేసి చూస్తానన్న వంకతో పెట్టె విప్పి, నిజంగానే వేసి, సాయంత్రం ఆ చిన్న మెషిన్ని స్కూటరు మీద కాళ్ళ మధ్య పెట్టుకుని తనే తీసుకెళ్ళి ఇచ్చివచ్చారు.

వారం అయింది. ఇంకో వారం అయింది. బావ తేలేదు, మాస్టారు అడగలేదు. డాక్టరమ్మ మాత్రం రోజూ అడుగుతోంది, "ఎప్పుడు మొదలు?" అని.

అప్పుడు మాస్టారికి ఒక ఉపాయం తట్టింది. తట్టినందుకు ఆ తరవాత ఆయన తనని తాను తిట్టుకోని రోజు లేదు. పెద్ద మెషిన్ లోపల, ఒట్టి సాఫ్ట్‌వేర్‌తో, లేని మెషిన్ని ఉన్నట్టుగా సృష్టించవచ్చు. మొదటి మెషిన్ కడుపులో అలాంటిదాన్ని ఒకటి తయారుచేసి, దానికే మూడో ఓటు ఇచ్చేశారు. తెర మీద చూస్తే ముగ్గురు ఓటర్లూ బుద్ధిగా కనిపిస్తున్నారు. రెండోది పడిపోతే మొదటిదీ, దాని కడుపులోదీ కలిసి రెండు ఓట్లు, పని ఆగదు. కాని మొదటిది పడిపోతే దాని కడుపులోది కూడా దానితోపాటే పోతుంది. రెండోది ఒంటరిదైపోయి, నేర్పిన బుద్ధి ప్రకారం ఆగిపోతుంది. పేరుకి మూడు, ప్రాణం ఒక్కదాంట్లోనే.

బావ తెచ్చిచ్చే దాకానే కదా అనుకున్నారు. అంతటితో ఊరుకున్నా బాగుండేది. స్టాండులో మూడో అర ఖాళీగా ఉంటే డాక్టరమ్మ చూస్తుందని, పాత సామాన్ల గదిలోంచి లోపల ఏమీ లేని ఒక ఇనుప డబ్బా తెచ్చి, తుడిచి, దానికొక తీగ తగిలించి ఆ అరలో పెట్టారు.

మొదలుపెట్టిన రోజున అందరూ మెట్ల దగ్గర గుమిగూడారు. సూదులు గుచ్చే ఆవిడ, అందరూ సూదక్క అంటారు, చేతిలో దూదితో అలాగే వచ్చేసింది. "లాగండి మాస్టారూ, గుండె దడగా ఉంది!" అంది. మాస్టారు రెండో మెషిన్ తీగ లాగారు. కౌంటర్లో ప్రింటరు ఆగకుండా స్టిక్కర్లు పోస్తూనే ఉంది. అందరూ చప్పట్లు కొట్టారు. "ఇంక ఏదైనా ఒకటి పడిపోయినా పరవాలేదన్నమాట" అంది డాక్టరమ్మ. మాస్టారు తల ఊపారు. మొదటిదాని తీగ వైపు ఆయన చెయ్యి వెళ్ళలేదు. వెళ్ళలేదని ఆయనొక్కరికే తెలుసు. ఇంటికెళ్ళాక, చప్పట్లు మోగిన చెవులు కడుక్కోవాలనిపించింది.

తరవాత బావ షాపుకి వెళ్ళినప్పుడల్లా మాస్టారు ఒక పద్ధతి పాటించారు. మెషిన్ ఎక్కడుందోనని కళ్ళు వెతుకుతున్నట్టు బావకి కనిపించకూడదు. అడుగుతున్నాడనుకుంటాడు. అందుకని గోడ మీది ఫొటోల వైపే చూస్తూ మాట్లాడేవారు. బావ కూడా ఎందుకో ఆయన్ని గుమ్మం దగ్గరే కూర్చోబెట్టి టీ ఇచ్చి పంపేసేవాడు. అలా రెండో ఏడు నడుస్తోంది.

ఇంతలో కేంద్రంలో పని పెరిగి, మాస్టారికి తోడుగా ఒకామెను తీసుకున్నారు. చంటిపిల్లని తల్లికి అప్పజెప్పి ఉద్యోగానికి వచ్చే మనిషి. వేరేచోట ఇలాంటి పనే చేసి వచ్చింది. అయినా అందరికీ కొత్తమ్మాయే. చేరిన మొదటి రోజే స్టాండు ముందు నిలబడి, "మాస్టారూ, మూడో దానికి లైటు వెలగడం లేదేంటి?" అంది.

"లైటు పోయిందమ్మా. మెషిన్ బానే ఉంది."

ఆమె తెర మీద చూసుకుంది. ముగ్గురు ఓటర్లూ ఉన్నారు. నమ్మింది. నమ్మకపోవడానికి కారణం ఏముంది?

"మూడిట్లో ఏదైనా ఒకటి నిర్భయంగా ఆపుకోవచ్చు కదా?"

"ఆపుకోవచ్చమ్మా" అన్నారు మాస్టారు. మొదటిదాన్ని మాత్రం ఎప్పుడూ తనే, సెలవు రోజు చూసుకుని, ఎవరూ లేనప్పుడు ఆపేవారు. ఆ మాట ఆమెకి చెప్పాలంటే మిగతాదంతా చెప్పాలి.

ఒక సోమవారం పొద్దున్న మాస్టారు గడ్డం గీసుకుంటుండగా ఫోను మోగింది.

"మాస్టారూ! మొదటిదానికి అప్‌డేట్లు ఉంటే, జనం రాకముందే చేసేద్దామని పనంతా రెండోదాని మీదికి మార్చి, రీస్టార్ట్ కొట్టాను. ఇది లేవకుండా డిస్కు సరిచూసుకుంటూ కూర్చుంది. సరే, రెండోది ఉంది కదా అనుకుంటే అదీ ఆగిపోయింది! మూడోది అసలు కనిపించడమే లేదు. ఇలా ఎలా అవుతుంది మాస్టారూ?"

సగం గడ్డం నురగతోనే మాస్టారు కుర్చీలో కూలబడ్డారు. ఎలా అవుతుందో ఆయనకి తెలుసు.

వెళ్ళేసరికి హాలు అల్లకల్లోలంగా ఉంది. కౌంటరు ముందు జనం మీద జనం. ప్రింటర్లు మూగబోయాయి. చక్కెర జబ్బున్న ఒక పెద్దాయన ఆకలికి తాళలేక కుర్చీలోంచి జారిపోతే, సూదక్క ఆయన తల ఒళ్ళో పెట్టుకుని పంచదార నీళ్ళు పోస్తోంది. ఆయన కూతురు, "స్టిక్కరు లేకపోతే మనిషి కనబడడా మీకు?" అని అరుస్తోంది. మాస్టారు గోడ వారగా నడిచి మెట్ల కింద గదిలోకి దూరారు.

కొత్తమ్మాయి చెమటలు కక్కుతూ తెర ముందుంది. మాస్టారు ముందుగా మొదటి మెషిన్ కరెంటు తీగ లాగేశారు. మధ్యలో అది లేచి వచ్చి నేనూ ఉన్నానంటే రెండూ కలిసి కొంప ముంచుతాయి. తరవాత రెండోదాని ముందు కూర్చుని, ఓటరువి నువ్వొక్కదానివే అనుకో అని ఆజ్ఞ కొట్టారు. అది ఒక్క క్షణం తటపటాయించినట్టు ఆగి, పని అందుకుంది. బయట ప్రింటరు చప్పుడు మొదలైంది.

"ఇప్పుడేం చేశారు మాస్టారూ? మూడోదానికి ఏమైంది?"

"తరవాత చెబుతానమ్మా."

గుమ్మంలో డాక్టరమ్మ నిలబడి ఉంది. "ఏం జరిగింది?" అంది.

"మొదటి మెషిన్‌ని రీస్టార్ట్ చేశారండీ..." అని మాస్టారు ఆగి, కొత్తమ్మాయి వైపు చూశారు.

ఆ మాటలో అబద్ధం లేదు. ఆ చూపులో ఉంది.

"నువ్వా?" అంది డాక్టరమ్మ.

"అవును మేడమ్, కాని ఒకటి ఆపితే పరవాలేదని..."

"ఆపితే పరవాలేదు, మేమందరం చూశాం. ఆపడం చేతకావాలి." డాక్టరమ్మ మాస్టారి వైపు తిరిగింది. "శనివారం మధ్యాహ్నం, జనం వెళ్ళిపోయాక, అందరి ముందూ మళ్ళీ తీగ లాగి చూపించండి. సిస్టమ్‌లో లోపం ఉందో, చేతుల్లో ఉందో తేలిపోతుంది. ఈ అమ్మాయిని పర్మనెంటు చేయాలా, పంపించేయాలా అన్నది ఆ తరవాతే."

మాస్టారు తల ఊపారు. ఇన్నేళ్ళలో ఊపిన తలలన్నీ ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు.

ఆ సాయంత్రమే బావ షాపుకి వెళ్ళారు. ఆ మెషిన్ ఎలాగోలా తెచ్చి శనివారంలోగా మూడో అరలో పెట్టేస్తే, ఏ తీగ లాగినా పని ఆగదు. ఎవరికీ ఏమీ తెలియదు. దారంతా ఇదే లెక్క. బావ రోజూ దాని మీదే పని చేసుకుంటూ ఉంటాడు, ఉన్నపళంగా ఇమ్మంటే షాపు ఆగిపోతుంది, అక్క ఏమనుకుంటుంది... షాపు ముందు స్కూటరు ఆపి కూడా కాసేపు హెల్మెట్ తీయలేదు.

"లోపలికి రారా, ఎవరో దొంగ అనుకున్నాను" అన్నాడు బావ.

"బావా. ఆ మెషిన్ కావాలి."

అనేశారు. అంత తేలిగ్గా అనేయగలనని మాస్టారికే తెలియదు.

బావ మొహంలో రంగులు మారాయి. "ఏ మెషిన్?" అన్నాడు, తెలిసే. తరవాత నిట్టూర్చి, వెనక్కి వెళ్ళి, లామినేషన్ మిషను కింద పరిచిన పువ్వుల గుడ్డ ఎత్తాడు. లామినేషన్ మిషను దేని మీద కూర్చుందో అదే మాస్టారి మూడో మెషిన్. పైన టీ గ్లాసుల మరకలు గుండ్రంగా ఉన్నాయి. కరెంటు తీగ చుట్ట చుట్టి, రబ్బరు బ్యాండు వేసి ఉంది.

"ఇది... వాడటం లేదా?"

"ఒక్కరోజు కూడా వాడలేదురా." బావ స్టూలు మీద కూర్చుండిపోయాడు. "తెచ్చిన రోజే పెట్టి చూశాను. నల్ల తెర, తెల్ల అక్షరాలు. పేరు చెప్పమంది. నా పేరు కొట్టాను, తప్పంది. మీ అక్క పేరు కొట్టాను, తప్పంది. చివరికి నీ పేరు కూడా కొట్టాను. దానికి మనవాళ్ళెవరూ నచ్చలేదు."

"మరి నాకు చెప్పాలి కదా బావా!"

"కాళ్ళ మధ్య పెట్టుకుని అంత ప్రేమగా మోసుకొచ్చావు. పనికిరాలేదని ఏ మొహం పెట్టుకుని చెప్పను? పైగా ఏదో నొక్కి పాడు చేశానేమోనని భయం. నువ్వు వచ్చినప్పుడల్లా అడుగుతావేమోనని గుమ్మం దగ్గరే కూర్చోబెట్టేవాణ్ణి. నువ్వు అడక్కపోయేసరికి, పోనీలే, వాడికి అక్కర్లేదేమో అనుకున్నా. ఏం రా, అలా ఉన్నావేం? దాని వల్ల ఏమైనా ఇబ్బంది వచ్చిందా?"

"లేదు బావా" అన్నారు మాస్టారు. అలవాటైన మాట.

ఇంటికి తెచ్చి భోజనాల బల్ల మీద పెట్టి తడిగుడ్డతో మరకలు తుడుస్తూ ఉంటే భార్య వచ్చి నిలబడింది. పొద్దున్న సగం గడ్డంతో పరుగెత్తిన మనిషి సాయంత్రం డబ్బాకి స్నానం చేయిస్తుంటే ఆమె ఊరుకోలేదు. అడిగింది. మాస్టారు మొదటిసారి మొత్తం చెప్పారు. బావ సంగతి, కడుపులో ఓటు సంగతి, ఖాళీ డబ్బా సంగతి, కొత్తమ్మాయి సంగతి. చెప్పేసి కాస్త తేలికపడి, "ఇక భయం లేదు. రేపు పొద్దున్నే వెళ్ళి ఇది పెట్టేస్తాను. శనివారం ఏ తీగ లాగినా ఆగదు" అన్నారు.

ఆమె ఆలోచించింది. "ఏ తీగ లాగినా ఆగకపోతే, మరి సోమవారం ఎందుకు ఆగిందంటారు?"

మాస్టారి చేతిలో గుడ్డ ఆగిపోయింది.

"ఆ పిల్లే ఏదో చేసిందంటారు. అంతే కదా?" అంది ఆమె. "మీరిది బాగు చేస్తే ఆ పిల్ల పని అయిపోయినట్టే."

మాస్టారు తుడిచిన మరకనే మళ్ళీ తుడిచారు.

"మీ మొహమాటానికి ఎప్పుడూ ఇంకొకళ్ళే బలి. నిచ్చెన విషయంలో మీ చెయ్యి వాచింది, నవ్వుకున్నాం. ఇది నవ్వుకునేది కాదు" అని లోపలికి వెళ్ళిపోయింది. ఆ రాత్రి ఆమె ఆయనతో మళ్ళీ మాట్లాడలేదు. వడ్డించింది, అంతే.

మర్నాడు మాస్టారు ఆ మెషిన్ని సంచిలో పెట్టి తీసుకెళ్ళి గదిలో కుర్చీ కింద దాచారు. మొదటిదాన్ని లేపి జట్టుని పాతలాగే కలిపారు గాని, దీన్ని తగిలించలేదు. తగిలించడానికీ మానడానికీ మధ్య వారమంతా ఊగిసలాడారు. డాక్టరమ్మ గదికి చెబుదామని వెళ్ళి, ఎవరో ఉన్నారని తిరిగొచ్చారు. ఎవరూ లేనప్పుడు వెళ్ళి, ప్రింటరు ఇంకు గురించి మాట్లాడి వచ్చారు.

శుక్రవారం కొత్తమ్మాయే ఆయన దగ్గరికొచ్చింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"మాస్టారూ, నేను చేసిందంతా మళ్ళీ మళ్ళీ చూసుకున్నాను. ఎక్కడ తప్పు చేశానో నాకు దొరకలేదు. కాని చేసే ఉంటాను. మీరు కట్టింది ఆగదు కదా. నా వల్ల మీకు మాట వచ్చింది, ఏమనుకోకండి. రేపు మీరు ఇబ్బంది పడక్కర్లేదు. మేడమ్‌తో తప్పు నాదేనని ముందే చెప్పేస్తాను."

మాస్టారికి తల తీసేసినట్టయింది. కుర్చీ కింద సంచి ఆయన మడమకి తగులుతోంది. "నువ్వేమీ చెప్పకమ్మా. రేపటిదాకా ఆగు" అన్నారు. ఆమె అది దయ అనుకుంది. "మీరు చాలా మంచివారు మాస్టారూ" అని వెళ్ళింది. ఆ మాట చెంపదెబ్బలా తగిలి, అక్కడే చాలాసేపు కూర్చుండిపోయారు.

శనివారం మధ్యాహ్నం హాలు ఖాళీ అయింది. నేల తుడిచిన తడి ఆరకముందే అందరూ మెట్ల దగ్గరికి చేరారు. ప్రింటరు ఒకదాన్ని ఊరికే స్టిక్కర్లు పోసేట్టు పెట్టి ఉంచారు. కొత్తమ్మాయి వెనకగా, గోడకి ఆనుకుని నిలబడింది.

"కానివ్వండి మాస్టారూ. పోయినసారి రెండోది లాగారు, అదే లాగండి, అచ్చొచ్చిన చెయ్యి" అంది సూదక్క.

మాస్టారు మొదటిదాని తీగ పట్టుకుని లాగేశారు.

ప్రింటరు ఒక స్టిక్కరు సగం బయటపెట్టి ఆగిపోయింది. మళ్ళీ మొదలవుతుందేమోనని అందరూ అటే చూశారు. మొదలవలేదు.

"ఇదేంటి?" అంది డాక్టరమ్మ.

"ఇది ఆ అమ్మాయి చేసింది కాదండీ. నేను కట్టిందే ఇలా" అన్నారు మాస్టారు, తీగ చేతిలోనే పెట్టుకుని. "మూడో ఓటు మొదటిదాని కడుపులోనే ఉంది. అది పడితే ఇదీ పడుతుంది. మొదటి రోజు నుంచీ అంతే. అందుకే మొదటిదాన్ని ఎప్పుడూ లాగి చూపించలేదు. ఆ అమ్మాయి అన్నీ సక్రమంగానే చేసింది. నా మాట నమ్మి చేసింది."

"మరి ఆ అరలో ఉన్నదేంటి?"

మాస్టారు మూడో అరలోంచి డబ్బా తీశారు. ఒక చేత్తోనే వచ్చేసింది. లోపల ఏదో చిన్న మరమేకు ఒకటి గలగలమంది.

"అయ్యో రామా, అది వేడెక్కుతుందని నా టేబుల్ ఫ్యాను కూడా పట్టుకొచ్చి దాని ముందు పెట్టారు కదయ్యా!" అంది సూదక్క. ఎవరో కిసుక్కుమన్నారు. సూదక్కే నాలుక కరుచుకుంది.

"నేను తెప్పించిన మూడోది ఎక్కడుంది?" డాక్టరమ్మ గొంతు పెంచలేదు.

"మా బావ అడిగితే ఇచ్చానండీ. వారమని ఇచ్చాను. అడగలేకపోయాను. మొన్న తెచ్చాను, సంచిలో ఉంది."

అంతమందిలో, అందరికీ మౌసు పట్టుకోవడం నేర్పిన మనిషి, సంచీ తీసి చూపించారు. పువ్వుల గుడ్డ కూడా అందులోనే ఉండిపోయింది. దాన్ని చూసి ఎవరూ నవ్వలేదు. నవ్వితేనే బాగుండుననిపించింది ఆయనకి.

డాక్టరమ్మ కొత్తమ్మాయి వైపు తిరిగి, "సోమవారం నిన్ను అన్న మాటలు వెనక్కి తీసుకుంటున్నాను. నీ ఉద్యోగం ఖాయం" అంది. మాస్టారిని తన గదికి రమ్మంది. అక్కడ తిడుతుందని సిద్ధపడి వెళ్ళారు. ఆమె తిట్టలేదు. "మీరు వచ్చి, అది పోయింది అని చెబితే ఇంకోటి తెప్పించేదాన్ని. అంతే కదా మాస్టారూ, ఒక్క మాట" అంది. కాసేపయ్యాక, "ఇకనుంచి ఆ గది తాళం ఆ అమ్మాయి దగ్గర ఉంటుంది. మీరు ఏం చేసినా తనతో చెప్పి చేయండి" అంది. మాస్టారు తల ఊపబోయి, ఆపుకుని, "సరేనండీ" అని నోటితో అన్నారు.

బయటికొచ్చేసరికి గది తాళం వేసి ఉంది. కొత్తమ్మాయి హాల్లో ఒక ఇనుప కుర్చీలో ఒక్కతే కూర్చుని ఉంది. మాస్టారు ఆమె ముందు నిలబడ్డారు.

"తాళం కావాలమ్మా. ఇది తగిలించేసి వెళ్తాను."

ఆమె లేవలేదు. "ఒకటి అడగనా? సోమవారం మేడమ్ ముందు నా వైపు చూశారు. అప్పటికి మీకు తెలుసా, ఎందుకాగిందో?"

"తెలుసు."

"అప్పుడే తెలిసిందా?"

"ఇంట్లో, నువ్వు ఫోను చేసినప్పుడే తెలుసు."

"నిన్న నేను వచ్చి ఏమనుకోకండి అన్నప్పుడు కూడా."

ఆమె ఆయన మొహంలోకి చూస్తూనే ఉంది. ఏడవలేదు, అరవలేదు. "వారం రోజులు మా అమ్మ దగ్గర పిల్లని తీసుకుంటూ, ఉద్యోగం పోతుందని ఎలా చెప్పాలా అని తడుముకున్నాను" అంది చివరికి. లేచి, తాళం తీసి, తనే ముందు నడిచింది.

"నేను తగిలిస్తాను. మీరు పక్కన నిలబడి ఏ తీగ ఎక్కడికో చెప్పండి."

మాస్టారు చెప్పారు, ఆమె తగిలించింది. చిన్న మెషిన్‌కి లైటు వెలిగింది. మొదటిదాని కడుపులో ఓటుని ఆమే తీసేసింది. తరవాత వరసగా ఒక్కో తీగా లాగి, ప్రింటరు చప్పుడు విని, మళ్ళీ గుచ్చింది. మొదటిదాన్ని మాత్రం ఇంకోసారి లాగి చూసింది. ప్రింటరు ఆగలేదు. ఇన్నాళ్ళూ మాస్టారు చదివి, కలలు కని, కట్టాలనుకున్నది ఆమె చేతుల్లో ఇప్పుడు నిజంగా పనిచేస్తోంది. దాన్ని చూసి సంతోషించే ముఖం ఆయనకి లేకుండా పోయింది.

"అయిపోయింది సార్. మీరు వెళ్ళొచ్చు" అంది ఆమె, తెర మీంచి కళ్ళు తిప్పకుండా.

చేరిన రోజు నుంచీ అందరిలాగే మాస్టారూ అనేది. ఆ తరవాత ఎప్పుడూ అలా పిలవలేదు. పనిలో ఏ లోటూ లేదు. ఏదైనా ఆపే ముందు అడుగుతుంది, అయ్యాక చెబుతుంది, నవ్వాల్సిన చోట నవ్వుతుంది కూడా. పిలుపు మాత్రం సార్. దాన్ని మార్చుకోమని ఆయన ఏనాడూ అడగలేదు. అది మాత్రం మొహమాటం వల్ల కాదు.